విలన్‌కి దాహం వెయ్యకూడదు

హెంగ్‌దియన్ స్టూడియోలో నా ఉద్యోగం
జాడీని తిప్పడం.
బొమ్మ కెమెరా వైపు, పిడి గోడ వైపు.
అంతే. నెల జీతం, రెండు పూటలా డబ్బా అన్నం.

పధ్నాలుగు వందల ఏళ్ల నాటి కోట అది,
పోయినేడు ప్లైవుడ్‌తో కట్టారు.
రాణిగారి గదిలో, చెరసాలలో, ఆఖరికి పాడె పక్కన కూడా
ఏడు కొంగలెగిరే తెల్లజాడీ ఒకటి ఉండాలి.
అక్రోటు పాలు. అంటే, లోపల పాలేమీ ఉండవు.
చల్లగా చెమర్చినట్టు కనబడాలని
పైన గ్లిసరిన్ నేనే చల్లుతాను.

శత్రువులు గుమ్మం బద్దలు కొడుతుంటే
సేనాపతి ఆగి
"అమ్మ చేతి రుచి" అంటూ ఒక గుక్క తాగుతాడు.
గుమ్మం కూడా ఆగుతుంది.
పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు
మేం యుద్ధానికి వెళ్తూ పాలజాడీ పెట్టుకున్నాం.
రచయిత చిన్‌కి ముప్పై నిండలేదు, తల సగం నెరిసింది.
ఆ రోజు స్క్రిప్టు కాగితం నాలుగు మడతలు పెట్టి
కుంటిబల్ల కాలి కింద దోపాడు.

కంపెనీ తరఫున తావ్ వెన్‌షిన్ వస్తుంది,
చేతిలో స్టాప్‌వాచీ.
చెడ్డమనిషి కాదు. నా వేలు కాలితే మందు రాసింది ఆమే.
కానీ కన్నీటికి రెండు సెకన్లు, కొంగలకి నాలుగు.
కన్నీరు అడ్డమొస్తే
కన్నీటినే కాస్త జరపమంటుంది.

విషం సీను దగ్గర పెద్ద పంచాయితీ.
రాణి విషం తాగాలి, కథంతా దాని మీదే నిలబడింది.
మా జాడీ ఉన్న గదిలో ఎవరూ చావకూడదంది వెన్‌షిన్.
తెల్లారిందాకా వాదించుకుని
రాణిని వసారాలోకి తెచ్చి చంపారు.
జాడీ లోపలే ఉంది, క్షేమంగా.

ఒప్పందం, పదకొండో పేజీ:
దుష్టపాత్రలు ఈ పానీయం ముట్టరాదు.
వాళ్ల నీడ కూడా దీని మీద పడరాదు.
నాలుగో ఎపిసోడ్‌కే ప్రేక్షకుడు పసిగట్టేశాడు
మంత్రి ఇంకా తాగలేదు, ద్రోహి వాడే.

ఆ మంత్రి గెంగ్ షౌరెన్, అరవై మూడేళ్లు.
ఇరవయ్యారేళ్లుగా ఉరి తీయించుకుంటూ, తల నరికించుకుంటూ
కూతుర్ని నర్సు చదివించాడు.
అసలు మొహంలో కోపమన్నదే లేదు.
మేకప్ వాళ్లు రోజూ గంటన్నర కూర్చుని గీయాలి.

జూలై. ఎండ నిప్పులు చెరుగుతోంది.
ఐదు పొరల పట్టు, మెడ మీద చెక్క సంకెల.
మంచినీళ్ల బండి ఎక్కడో చెడిపోయిందని ఫోనొచ్చింది.
తొమ్మిదో టేకు పోయింది, సేనాపతి వేలు ఒక కొంగని కప్పేసింది.
పదో టేకు.
మోకాళ్ల మీదున్న గెంగ్ పెదాలు పగిలి, నోరు పిడచగట్టి
మెల్లగా పక్కకి ఒరిగాడు.
"ఏం చేశాడండీ!" అన్నారెవరో.
ఏమీ చెయ్యలేదు. పడిపోయాడు.

ఆ ఆవరణలో తాగడానికున్నదల్లా
గోదాములో నాలుగొందల డబ్బాలు.
పరిగెత్తి ఒకటి తెచ్చాను.
వెన్‌షిన్ చూసింది. వాచీ నొక్కలేదు.
వచ్చి గొడుగు తెరిచి
కెమెరాకీ అతనికీ మధ్య పట్టింది.
నీడ కోసమో, పదకొండో పేజీ కోసమో
ఇప్పటికీ అడగలేదు నేను.

అలవాటు చొప్పున నా చెయ్యి బొమ్మని బయటికి తిప్పింది.
సిగ్గేసి అరచెయ్యి అడ్డం పెట్టాను.
గెంగ్ గొంతు కదిలింది, ఒకసారి, మరోసారి.
గీసిన కోపం గడ్డం మీంచి కారిపోయింది.
"తీపెక్కువ" అన్నాడు.
డబ్బా మాత్రం వదల్లేదు.

నలభై ఎపిసోడ్ల కథలో
నిజంగా దాహమేసి మనిషి తాగింది అదొక్కసారే.
అప్పుడు కెమెరా
జాడీ మీద ఫోకస్ సరిచూసుకుంటోంది.

ఎండ వాలాక పిలిచారు. వెళ్లి జాడీ తిప్పాను.
ఐదింటికి గెంగ్ తల నరికారు.
ఒక్క టేకు.
కొంగలు ఏడూ కనిపించాయి.